చెరసాలలో చిన్నారులు



మన తెలుగువాళ్ళలో ఒక పాత చమత్కారం ఉంది. ఫలానా ఆయన జైలుకు వెళ్ళాడని నేరుగా అనటం బాగుండదనుకున్నప్పుడు, శ్రీకృష్ణ జన్మస్థానానికి వెళ్ళొచ్చాడు అంటాం. మా కోలారు జిల్లాలో తెలుగువాళ్ళు స్థిరపడి ఎన్ని తరాలు గడిచినా ఈ మాట మమ్మల్ని వదిలిపోలేదు. నవ్వుకోవటానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మాటలో నిజంగా ఉన్నది ఒక కాన్పు. చెరసాలలో ఒక తల్లి, పక్కన అప్పుడే పుట్టిన పసిగుడ్డు. ఆ కథలోని బిడ్డ అదే రాత్రి తండ్రి తలమీద బుట్టలో యమున దాటి బయటపడ్డాడు. అలా దాటించే వాళ్ళు లేక లోపలే ఉండిపోయిన బిడ్డల గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

బడిపంతులుకి జైలు సంగతులెందుకు అని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట, బళ్ళు తెరిచిన కొత్తల్లో, ఒక అవ్వ ఆరేళ్ళ మనవణ్ణి చెయ్యి పట్టుకుని ఒకటో తరగతిలో చేర్చటానికి తీసుకువచ్చింది. ఊరు, పేర్లు చెప్పను. మా వైపు తెలుగువాళ్ళు కూడా అయ్యవారిని కన్నడంలో లాగానే మేష్ట్రు అంటారు. "మేష్ట్రూ, వీడు ఇన్నాళ్ళూ యాడ పెరిగినాడో ఆ పుస్తకంలో రాయాల్నా?" అని అడిగింది. అడ్మిషన్ రిజిస్టరులో అలాంటి గడి లేదవ్వా అన్నాను. జనన ధ్రువపత్రం చూశాను. పుట్టిన చోటు నగరంలోని సర్కారు ఆసుపత్రి. అందులో ఇంకేమీ లేదు. అవ్వే తర్వాత మెల్లగా చెప్పింది. వాడు కడుపులో ఉండగా వాళ్ళమ్మ జైలుకు వెళ్ళిందట. అప్పటినుంచీ ఇద్దరూ అక్కడేనట. ఆరేళ్ళు నిండాయి గనుక ఇక ఉంచుకోకూడదని చెప్తే అవ్వ వెళ్ళి తెచ్చుకుంది. కేసు ఏమిటని నేను అడగలేదు. అవ్వా చెప్పలేదు.

మొదటి వారంలో నేను ఏటా చేసే పని ఒకటుంది. పిల్లల బెరుకు పోవటానికి ఒక్కొక్కరినీ లేపి, మీ అమ్మ ఏం చేస్తుంది, నాన్న ఏం చేస్తాడు అని అడుగుతాను. ఆ ఏడూ అడిగాను. ఈ పిల్లవాడి వంతు వచ్చింది. లేచి నిలబడి, "మా అమ్మ లోపల ఉంది" అన్నాడు. లోపలంటే ఇంట్లోనా అని పక్క పిల్ల అడిగింది. అవునమ్మా ఇంట్లోనే అని నేనే జవాబు చెప్పి వాణ్ణి కూర్చోబెట్టాను. రిజిస్టరులో రాయక్కర్లేదని అవ్వకు ధైర్యం చెప్పినవాణ్ణి, నలుగురి ముందు వాడి నోటితో నేనే చెప్పించాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగం, బి.ఇడి. పట్టా, ఏవీ ఆ క్షణంలో అక్కరకు రాలేదు. ఈ విషయం మీద దొరికినదల్లా చదవటం ఆ తర్వాతే మొదలుపెట్టాను.

ముందుగా లెక్కలు. మన దేశంలోని జైళ్ళ వివరాలను జాతీయ నేర రికార్డుల సంస్థ పుస్తకంగా ప్రచురిస్తుంది. 2022 డిసెంబరు 31వ తేదీన దేశంలోని జైళ్ళలో 1,537 మంది మహిళల దగ్గర 1,764 మంది పిల్లలు ఉన్నారు. వీరిలో శిక్ష పడిన తల్లులు 198 మంది, వారితో ఉన్న పిల్లలు 230 మంది. విచారణలో ఉన్న తల్లులు 1,312 మంది, వారి పిల్లలు 1,479 మంది. ఈ రెండో అంకెను మీరు కాస్త మనసులో పెట్టుకోవాలి. జైలులో తల్లితో ఉన్న ప్రతి 100 మంది బిడ్డల్లో దాదాపు 84 మంది తల్లుల మీద నేరం ఇంకా రుజువు కాలేదు. కేసు నడుస్తూ ఉంది. రేపు కోర్టు ఆమె నిర్దోషి అని తేల్చవచ్చు కూడా. అప్పటికి బిడ్డకు నాలుగేళ్ళో అయిదేళ్ళో వచ్చి ఉంటాయి. ఆ ఏళ్ళు ఎవరు తిరిగి ఇస్తారు?

పిల్లలు జైలులోకి ఎలా వస్తారు? రెండే దారులు. చంకనున్న బిడ్డను ఇంట్లో చూసేవాళ్ళు లేక తల్లి వెంట తెచ్చుకోవటం ఒకటి. గర్భవతిగా వచ్చి, ఖైదులో ఉన్న కాలంలో ప్రసవించటం రెండోది. 2024లో పశ్చిమ బెంగాల్ జైళ్ళలో బిడ్డలు పుడుతున్నారని పత్రికల్లో వార్త వచ్చినప్పుడు చాలామంది ఏదేదో ఊహించుకున్నారు. సుప్రీంకోర్టు తరఫున విచారించిన న్యాయవాది తెలిపినదాని ప్రకారం, అక్కడ నాలుగేళ్ళలో 62 మంది బిడ్డలు పుట్టారు. ఆ తల్లుల్లో ఎక్కువమంది జైలుకు వచ్చేనాటికే గర్భవతులు. కొందరు పెరోలు మీద ఇంటికి వెళ్ళి వచ్చినవారు. అంతే సంగతి.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. ఈ విషయంలో అందరూ చెప్పుకునే తీర్పు ఒకటుంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అనే కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చినది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి వై.కె. సభర్వాల్ గారి ధర్మాసనం. కేసు పేరులో మన భాషా రాష్ట్రం ఉన్నా, ఆ తీర్పు దేశంలోని రాష్ట్రాలన్నిటికీ వర్తిస్తుంది. ఉత్తరప్రదేశ్ జైళ్ళలో తల్లులతో ఉన్న పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనం ఆ కోర్టు ముందుకు వచ్చింది. పిల్లలకు గాని, పాలిచ్చే తల్లులకు గాని ప్రత్యేకమైన తిండి అందటం లేదనీ, పెద్దవాళ్ళ కూడే వాళ్ళకూ పెడుతున్నారనీ అందులో తేలింది.

ఆ తీర్పులో నాకు అన్నిటికన్నా ముందు కనబడేది ఒక మాట. తల్లితో జైలులో ఉన్న బిడ్డను ఖైదీగా గాని, విచారణలో ఉన్న మనిషిగా గాని చూడకూడదు. తిండి, బట్ట, నీడ, వైద్యం, చదువు, ఆట, ఇవన్నీ ఆ బిడ్డకు హక్కుగా దక్కాలి. ఎవరో దయతలచి పెట్టేవి కావు. ఆ తర్వాత 2010 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలలో కూడా, తల్లులతో ఉన్న పిల్లలను ఎన్నడూ ఖైదీలుగా చూడరాదని ఉంది.

వినటానికి ఇది తేలికగా ఉంది. కానీ ఆలోచించండి. సాయంత్రం కాగానే జైలులో ఖైదీలను లెక్కపెట్టి బ్యారక్‌లోకి పంపి తాళం వేస్తారు. ఆ ఖైదీల లెక్కలో బిడ్డ లేడు. కానీ ఆ తాళం బిడ్డకూ పడుతుంది కదా. చట్టం దృష్టిలో స్వేచ్ఛ ఉన్న మనిషి, కంటి ముందు తలుపు మూసుకుపోయిన మనిషి, ఇద్దరూ ఒకే పసివాడు. కోర్టు ఇచ్చిన ఆదేశాలన్నీ ఈ చిక్కును ఎంతవరకు విప్పగలమా అని చేసిన ప్రయత్నమే అనిపిస్తుంది నాకు.

గర్భవతిని జైలుకు పంపే ముందు అక్కడ కాన్పుకు, తల్లీబిడ్డల సంరక్షణకు కనీస సదుపాయాలు ఉన్నాయా అని చూసుకోవాలి. వీలైనంతవరకు కాన్పు జైలు బయట ఆసుపత్రిలో జరిగేలా తాత్కాలికంగా విడుదల చెయ్యాలి. బిడ్డ పుట్టుకను స్థానిక రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి. అయితే పుట్టిన చోటు జైలు అని రాయకూడదు. ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి. మా అవ్వ తెచ్చిన కాగితంలో ఏమీ కనబడకపోవటానికి వెనుక ఇంత ఉంది. ఇంకో చిన్న ఆదేశం కూడా ఉంది. జైలులో పుట్టిన బిడ్డకు పేరు పెట్టే వేడుక చేసుకోవటానికి వీలు కల్పించాలి. ఉయ్యాలలో వేసి పేరు పెట్టి పిలవటం మన ఇళ్ళలో ఎంత ముఖ్యమో నేను చెప్పాలా! దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఆ సంగతి కూడా మరిచిపోలేదు.

తిండి విషయానికి వస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1998లో ప్రచురించిన ఆహార సూచనలను కోర్టు ఆధారంగా తీసుకుంది. ఏ వయసు బిడ్డకు గింజలెంత, పప్పు ఎంత, పాలెన్ని, ఆకుకూర, పండు, నూనె, చక్కెర ఎంతెంత అని విడివిడిగా చెప్పింది. తాగటానికి శుభ్రమైన నీరు ఉండాలి. వాతావరణానికి తగిన బట్టలు ఇవ్వాలి. టీకాలు వేయించాలి, డాక్టరు వచ్చి చూస్తుండాలి. తల్లికి జబ్బు చేస్తే బిడ్డను చూసే ఏర్పాటు వేరుగా ఉండాలి. ఇవి కాగితం మీద ఉన్నాయి. జిల్లాకో తీరుగా, జైలుకో తీరుగా అమలవుతున్నాయి. రాష్ట్ర న్యాయసేవల సంస్థలు అప్పుడప్పుడు జైళ్ళకు వెళ్ళి ఇవి సాగుతున్నాయో లేదో చూడాలని కూడా అదే తీర్పులో ఉంది.

నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది శిశువిహారం, నర్సరీల గురించి. మూడేళ్ళ లోపు వారికి శిశువిహారం, మూడు నుంచి ఆరేళ్ళ వారికి నర్సరీ ఉండాలనీ, అవి వీలైతే జైలు ఆవరణ బయట ఉంటే మంచిదనీ కోర్టు చెప్పింది. ఈ 'బయట' అన్న మాట చాలా విలువైనది. ఎందుకో చెప్తాను.

జైలులో పెరిగిన పిల్లల గురించి ఆ తీర్పులోనే కొన్ని పరిశీలనలు ఉన్నాయి. ఇల్లు అంటే ఏమిటో వారికి తెలియదు. మగమనిషి అంటే పోలీసు, లేదా జైలు అధికారి. తల్లితో కోర్టుకు వెళ్ళేటప్పుడు దారిలో పశువులు కనబడితే హడలిపోతారు. ఆడవాళ్ళ మధ్యనే పెరగటం వల్ల కొందరు మగపిల్లలు ఆడపిల్లల్లాగా మాట్లాడతారు. ఈ చివరిది చదివి నేను మొదట ఆశ్చర్యపోయాను. తర్వాత రెండు భాషలు చెప్పుకునే వాణ్ణి గనుక తట్టింది. మన తెలుగులో 'నేను వచ్చాను' అని మగపిల్లవాడైనా ఆడపిల్లైనా ఒకేలా అంటారు. కన్నడంలోనూ అంతే, తమిళంలోనూ అంతే. హిందీలో అలా కాదు. మగవాడు ఒక రకంగా, ఆడది ఒక రకంగా క్రియను మార్చి చెప్పాలి. చుట్టూ ఆడవాళ్ళ మాటే విన్న పిల్లవాడు తన గురించి కూడా అలాగే చెప్పుకుంటాడు. అది వాడి లోపం కాదు. మగవాళ్ళు మాట్లాడగా వినే అవకాశమే వాడికి రాలేదు.

మా బడికి వచ్చిన పిల్లవాడు పశువులకు భయపడలేదు గాని, తలుపులకు భయపడేవాడు. భయం అనటం కూడా సరి కాదేమో. మూసి ఉన్న తలుపును వాడు తానుగా తెరిచేవాడు కాదు. దగ్గరికి వెళ్ళి నిలబడి, ఎవరైనా తీస్తారని చూసేవాడు. గడియ వెయ్యని తలుపును కూడా. సాయంత్రం గంట కొడితే మిగతా పిల్లలు గేటు వైపు పరుగెత్తేవారు. వీడు గోడవారన నిలబడేవాడు. నాలుగైదు రోజులకు గాని నాకు తెలియలేదు, వాడు లెక్క కోసం నిలబడుతున్నాడని. వాడి మాట కూడా చిత్రంగా ఉండేది. అమ్మ దగ్గర నేర్చిన తెలుగు, వార్డర్ల దగ్గర విన్న కన్నడం, పక్క పడకల వాళ్ళ దక్కనీ ఉర్దూ, మూడూ ఒకే వాక్యంలో వచ్చేవి. మాటలకేం, ఆరు నెలల్లో సర్దుకున్నాయి. సరిహద్దు జిల్లాల పిల్లలకు అది కొత్తేమీ కాదు. తలుపు సంగతికి మాత్రం అంతకన్నా ఎక్కువ కాలం పట్టింది.

అందుకే అంటున్నాను, రోజూ పొద్దున జైలు గేటు దాటి బయట ఉన్న నర్సరీకి వెళ్ళి, సాయంత్రం తల్లి దగ్గరికి తిరిగి వచ్చే బిడ్డ పరిస్థితి వేరు. రోడ్డు చూస్తాడు, బస్సు చూస్తాడు, కొట్లో కూర్చున్న మగవాళ్ళను చూస్తాడు, తోటి పిల్లలతో కొట్లాడతాడు. అమ్మా పోదు, లోకమూ పోదు. పెద్ద జైళ్ళలో ఈ ఏర్పాట్లు కొంత నయం. 1993 నుంచి 1995 వరకు కిరణ్ బేడీ గారు ఢిల్లీలోని తీహార్ జైళ్ళ బాధ్యత చూసిన కాలంలో అక్కడ ఖైదీ తల్లుల పిల్లలకు శిశువిహారం నడిచింది. అలాంటి చోట పదిమంది పిల్లలు పోగవుతారు, ఒక టీచరమ్మను పెట్టగలరు. చిక్కు అంతా చిన్న జైళ్ళలో. మన దేశంలో చాలామంది మహిళా ఖైదీలు ఉండేది విడిగా కట్టిన మహిళా కారాగారాల్లో కాదు, మగవాళ్ళ జైలులోనే ఒక మూలనున్న మహిళా వార్డులో. అక్కడ ఒక్కొక్కసారి ఒకే ఒక్క బిడ్డ ఉంటుంది. ఒక్క బిడ్డ కోసం శిశువిహారం ఎవరు తెరుస్తారు? ఆ బిడ్డ ఎవరితో ఆడుకోవాలి? దగ్గరలోని అంగన్‌వాడీకి పంపటమే దీనికి తేలికైన దారి అని నా అభిప్రాయం. దానికి కొత్త భవనం అక్కర్లేదు. తీసుకువెళ్ళి తీసుకువచ్చే ఒక మనిషి చాలు. అంగన్‌వాడీలో మిగతా పిల్లల తల్లులు అభ్యంతరం చెప్పకుండా ఉండటం కూడా కావాలి. ఇది జైలు అధికారుల చేతిలో లేదు, మన చేతిలో ఉంది.

ఇప్పుడు ఆరేళ్ళ సంగతి. ఆరేళ్ళు నిండిన బిడ్డను జైలులో ఉంచకూడదు. తల్లి కోరిన బంధువులకు అప్పగించాలి. అలాంటివారు లేకపోతే సాంఘిక సంక్షేమ శాఖ వారి ఆధ్వర్యంలోని తగిన గృహానికి పంపాలి. ఆ గృహం వీలైనంతవరకు జైలున్న ఊళ్ళోనే ఉండాలనీ, బిడ్డను వారానికి ఒకసారైనా తల్లి దగ్గరికి తీసుకువచ్చి చూపించాలనీ కోర్టు చెప్పింది. ఆరేళ్ళు ఎక్కువని కొందరు, తక్కువని కొందరు వాదిస్తారు. నేను ఆ వాదంలోకి పోను. పుట్టినప్పటినుంచి ఒక్క రాత్రి కూడా తల్లిని విడవని బిడ్డను ఒక రోజున ఉన్నపళంగా గేటు బయట పెట్టటం ఎంత కష్టమో మాత్రం నేను చూశాను. ముందునుంచే అవ్వా తాతా ములాఖత్‌కు వస్తూ పోతూ ఉండి, బిడ్డ వాళ్ళకు అలవాటు పడి ఉంటే ఆ రోజు కొంత తేలికవుతుంది. మా అవ్వకు ఆ తెలివి ఉంది. చివరి ఏడాది నెలకు రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి వచ్చేదట.

ఇక్కడే మన సరిహద్దువాళ్ళ కష్టం వస్తుంది. మనకు రాష్ట్రం గీత అంటే పెద్ద లెక్క లేదు. ముళబాగిలు దాటితే చిత్తూరు జిల్లా. సిరొంచలో గోదావరి వంతెన దాటితే తెలంగాణ. యానాంలో నాలుగడుగులు వేస్తే ఆంధ్ర. పిల్లనిచ్చేది అవతల, పనికి పోయేది ఇవతల. కానీ పోలీసులకు, కోర్టులకు, జైళ్ళకు ఆ గీత ఉంది. ఆంధ్రనుంచి ఇటుక బట్టీ పనికి బెంగుళూరు వైపు వచ్చిన ఆడమనిషి మీద కేసు పడితే ఆమె ఉండేది కర్ణాటక జైలులో. హోసూరు తెలుగు ఆమె ఉండేది తమిళనాడు జైలులో. కేసు కాగితాలు ఆమెకు రాని లిపిలో ఉంటాయి. బంధువులు గీతకు ఆ పక్కన ఉంటారు, కొన్నిసార్లు వాళ్ళకు కబురే అందదు. బిడ్డకు ఆరేళ్ళు వచ్చే నాటికి ఎవరూ రాకపోతే, బిడ్డ ఆ ఊరి గృహానికి వెళ్తుంది. అక్కడి భాషలో చదువుకుంటుంది. తల్లికి దగ్గరలో ఉంటుంది, అది మంచిదే. బంధువులతో తీసుకుపోతే మన భాష, మన ఇల్లు దక్కుతాయి గాని, వారం వారం తల్లిని చూడటం కుదరదు. ఏది మేలు? నన్నడిగితే, ప్రేమగా చూసే బంధువులు నిజంగా ఉంటే వాళ్ళ దగ్గరే ఉండాలి. పేరుకు బంధువులై, పశువులు కాయటానికి పిల్లవాణ్ణి తీసుకుపోయేవాళ్ళైతే గృహమే నయం. భాష గురించి అంత బెంగ వద్దు. పిల్లలు భాషలు నేర్చుకుంటారు. తల్లి ముఖం మరిచిపోతే నేర్పటం మాత్రం ఏ మేష్ట్రు వల్లా కాదు.

అసలు బిడ్డ ఆరేళ్ళ దాకా లోపల ఉండవలసిన అవసరం ఏమిటి అని మీరు అడగవచ్చు. చాలా సందర్భాల్లో అవసరం లేదు. బిడ్డలు వెంట ఉన్న తల్లుల కేసులను ముందుగా తీసుకుని త్వరగా తేల్చాలని 2006 నాటి తీర్పే కోర్టులను ఆదేశించింది. ఈ ఒక్క మాట తెలియక ఎంతోమంది తల్లులు వాయిదా మీద వాయిదా తింటున్నారు. బెయిలు విషయంలో కూడా, నేరం పెద్దదైనా ఆడమనిషి అన్న కారణంతో బెయిలు ఇచ్చే వీలు కోర్టుకు ఉంది. పాత నేర విచారణ చట్టంలో ఉన్న ఈ వెసులుబాటు, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కూడా ఉంది. ఆ కొత్త చట్టం ప్రకారం, ఇంతకుముందు ఏ శిక్షా పడనివారు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణలోనే జైలులో గడిపితే వారిని పూచీకత్తు రాయించుకుని విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నవారికీ వర్తించదు.

బెయిలు మంజూరయ్యాక కూడా బయటికి రాలేని వాళ్ళున్నారు. జామీను నిలిచే మనిషి దొరకడు. దొరికినా, ఈ జిల్లావాడే కావాలి, ఇక్కడ ఆస్తి ఉండాలి అంటారు. ఇవతల జైలు, అవతల చుట్టాలు ఉన్నవాళ్ళకు ఇది గోడ మీద గోడ. 1978లో మోతీరాం అనే తాపీపనివాని కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఆయన సోదరుడు జామీనుగా వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ గారు దానిని గట్టిగా తప్పుపట్టారు. ఒక కన్నడిగుడో, తమిళుడో, ఆంధ్రుడో ఎక్కడో దూరదేశంలో పట్టుబడితే అక్కడ ఆస్తిపరుణ్ణి ఎక్కడనుంచి తెస్తాడని అడిగారు. మన గురించే అన్నట్టు లేదూ! మళ్ళీ 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకొన్ని సూచనలు చేసింది. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవల సంస్థకు తెలపాలి. నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించటం గురించి కోర్టు తానే ఆలోచించవచ్చు. స్థానికుడే జామీను ఉండాలనే పట్టుదల వల్ల విడుదల ఆలస్యమవుతున్న చోట ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చు. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఈ ఇబ్బందిలో ఉంటే వకీలుకు ఈ తేదీ చెప్పండి.

వకీలుకు డబ్బు లేదా? 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు, జైలులో ఉన్నవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవల సంస్థ ఆఫీసు ఉంటుంది. బంధువులు అడగవచ్చు. బిడ్డ సంగతైతే ప్రతి జిల్లాకూ బాలల సంక్షేమ సమితి ఉంది. జైలునుంచి వచ్చిన బిడ్డను పెంచే అవ్వకో మేనత్తకో చేతిలో డబ్బు లేకపోతే, జిల్లా బాలల రక్షణ విభాగంలో స్పాన్సర్‌షిప్ సహాయానికి అర్జీ పెట్టుకోవచ్చు. మిషన్ వాత్సల్య పథకంలో నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఆదాయ పరిమితి ఉంది, ఇంటి పరిస్థితి చూసి ఆమోదిస్తారు. అందరికీ వస్తుందని చెప్పలేను గాని, అడగకుండా మాత్రం ఎవరికీ రాదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు కాగితం లేదని గాని, వెనకటి బడి సర్టిఫికెట్టు లేదని గాని ఏ బిడ్డనూ తిప్పి పంపకూడదు. చేర్చుకున్నాక స్టాఫ్‌రూములో ఆ బిడ్డ పూర్వాపరాలు చర్చకు పెట్టకండి. మా బడిలో ఆ తప్పు కూడా జరిగింది. మాట బయటికి పొక్కి, ఒక తండ్రి వచ్చి తన కూతుర్ని ఆ పిల్లవాడి పక్కన కూర్చోబెట్టవద్దన్నాడు. పిల్లవాడు పుట్టకముందు జరిగిన నేరానికి, అది నేరమో కాదో కూడా తేలకముందే, వాడికి శిక్ష వేస్తున్నారా అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు, కూతుర్ని మాన్పించనూ లేదు. అమ్మ ఏం చేస్తుంది, నాన్న ఏం చేస్తాడు అనే ప్రశ్న నేను ఆ ఏడాదితో మానేశాను. ఇప్పుడు, నీకు ఏ ఆట ఇష్టం అని అడుగుతున్నాను. బెరుకు దానితోనూ పోతుంది.

ఆ పిల్లవాడు అయిదో తరగతి దాకా మా దగ్గరే చదివాడు. నెలకు ఒక మంగళవారం బడికి రాడు. మర్నాడు వచ్చినప్పుడు నేను అడగను. ఒకసారి వాడే చెప్పాడు. "అమ్మకు పద్యం వినిపించినాను సార్, కన్నడంలోది. అమ్మకు అర్థం కాలే. తెలుగులో చెప్పినాను." హాజరు పట్టీలో ఆ మంగళవారాలకు ఎదురుగా నేను ఊరికి వెళ్ళాడు అనే రాసుకున్నాను.

రాసుకోవాలనుకునే శ్రోతల కోసం రెండు నంబర్లు మరొకసారి చెప్తాను. ఉచిత న్యాయసహాయానికి 15100. పిల్లలకు సంబంధించిన సహాయానికి 1098. రెంటికీ ఏ రాష్ట్రంనుంచైనా ఫోను చేయవచ్చు, డబ్బు పడదు.